నలభై ఏడో పాట

1998 మే నెల. కనకవ్వ పెళ్లి రోజు పొద్దున్నే, ఆమె అక్క కూతురు సమ్మక్క చొప్పదండి చర్చి గదిలో పాటల పుస్తకాలు ప్రింటు తీసి కుట్టింది. సమ్మక్క పదో తరగతి, నోట్లో నాలుక లేని పిల్ల. అక్కడి కంప్యూటర్‌లో ఉన్న పాటల ప్రోగ్రాము కరీంనగర్ లెక్కల మాస్టారు ఏలియా రాసింది. కోడ్‌తో సహా ఫ్లాపీలో పెట్టి, ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని మూడు చర్చిలకు పంచాడు.

సమ్మక్క నిజంగానే మార్చింది. అమ్మమ్మ మగ్దలేనమ్మ నాట్లేస్తూ కట్టిన పన్నెండు పాటలు ఎక్కించి, అన్నింటినీ అకారాది క్రమంలో పేర్చింది. నంబర్లు వాటంతటవే మారిపోయాయి.

పెళ్లిలో పాటలు నడిపించే ఏలియా నలభై ఏడో పాట అని ప్రకటించాడు. పాత పుస్తకాలున్న పెద్దలు పెళ్లి పాట ఎత్తుకున్నారు. కొత్తవి పట్టుకున్న వెనక వరుసలు సమాధి దగ్గర పాడే పాట ఎత్తుకున్నాయి. వెనక వరుసల గొంతులే పెద్దవి. బయట వంట చేస్తున్న సాంబయ్య అది విని, పందిరి కింద కుర్చీలో నిద్రపోతున్న పెళ్లికొడుకు తాతను చూసి, బిర్యానీ పొయ్యిలో నీళ్లు పోశాడు. అప్పుడే జీపు దిగిన ఉట్నూర్ చుట్టాలకు తాత పోయాడని చెప్పాడు. వాళ్లు పెద్ద దండ కోసం బజారుకు తిరిగిపోయారు. ఆ మాట లోపలికి చేరేసరికి పెళ్లికొడుకు ప్రమాణం మధ్యలో వదిలేసి బయటికి పరుగెత్తాడు.

తాత లేచి మంచినీళ్లు అడిగాక, ప్రమాణం పూర్తి కాగానే, ఏలియా నేరుగా సమ్మక్క ఉన్న కంప్యూటర్ గదికి వచ్చాడు.

"పాతదే పెడ్త. నీది తుడిచేస్త. గా కొత్త పుస్తకాలు గూడ వాపస్ తీసుకుంట."

సమ్మక్క ఫ్లాపీని వెనక దాచుకుంది. అది పోతే అమ్మమ్మ పాటలు ఇక ఏ పుస్తకంలోనూ ఉండవు.

"ఇయ్య సార్. మార్చుకోండ్రి అన్నది మీరే."

"మార్చుకోమన్న, ఆగం చెయ్యమనలే. పాత నంబర్లు నోటికున్నోళ్లు ఏం గావాలె?"

ఏలియా వెనకే వచ్చిన అమ్మమ్మ ఆ మాట అందుకుంది. చదువు రాని మగ్దలేనమ్మకు పాటలన్నీ నంబర్లతోనే గుర్తు.

"ఏలియా, మా పాత పుస్తకంల పెళ్లి పాట ముప్పై ఒకటి. నువ్వొచ్చి నలభై ఏడు చేసినవ్. ఆ యేడు నేను నోరు మూసుకున్న. గిప్పుడు పిల్ల ఎందుకు మూసుకోవాలె?"

ఏలియా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ నంబర్లు కదలనియ్య," అంది సమ్మక్క. "మా పాటలు తీసెయ్యనియ్య."

పొయ్యి మళ్లీ రాజుకునే లోపు ప్రోగ్రాము సరిచేసింది. ఏలియా నంబర్లు ఉన్నచోటే ఉన్నాయి, వాటి పక్కన అమ్మమ్మ కాలం నాటి నంబర్లు చేరాయి. పన్నెండు పాటలూ చివరికి వెళ్లాయి. అకారాది పట్టిక విడిగా వచ్చింది. ఏలియా అంతా చూసి, జేబులోంచి ఖాళీ ఫ్లాపీ తీశాడు.

"నాకొక కాపీ ఇయ్యి బిడ్డా. ఇచ్చోడ చర్చోళ్లకు గూడ పంపుత."

ఉట్నూర్ వాళ్లు తెచ్చిన దండ ఎందుకు కొన్నారో తాతకు ఎవరూ చెప్పలేదు. తాత దాన్ని సాయంత్రం దాకా వేసుకుని తిరిగాడు.