మంత్రిగారి పచ్చ బటన్

"తీగ తెగినా సేవ తెగదు!" అని మా బావ ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. మా బావ కమ్యూనికేషన్ల మంత్రి. ఏ తీగో, ఏ సేవో ఆయనకు అప్పటికింకా తెలియదు. తెలియకుండానే హామీ ఇవ్వడం అందరివల్లా అయ్యే పని కాదు.

తెలుసుకోవడానికి అంబులెన్స్ కంట్రోల్ రూముకు వెళ్లాం. "మీ బావ గుండె అంత మంచిది కాదురా, వెంటే ఉండు" అని అక్క నన్ను తోడు పంపింది. గోడవారగా ఉన్న పెట్టెలు చూపించి, వాటిని స్విచ్చులంటారని నెట్‌వర్క్ ఇంజనీరమ్మ చెప్పింది.

"వీటి మధ్య రెండు తీగలున్నాయి సార్. రెండూ ఒకేసారి పనిచేస్తే సమాచారం గిరగిరా తిరిగి అంతా స్తంభించిపోతుంది. అందుకే ఒకటి మూసి ఉంటుంది. మొదటిది తెగితే స్విచ్చులు ఒకదాన్నొకటి సంప్రదించుకుని రెండోది తెరుస్తాయి. దానికి దాదాపు నిమిషం. ఆలోగా ఫోన్లన్నీ కట్."

"సంప్రదింపులకు నిమిషమేనా?" బావ అసూయపడ్డారు. "మా సబ్ కమిటీ ఇంకా సంప్రదిస్తూనే ఉంది."

"కొత్త పద్ధతి పెడితే రెప్పపాటులో తెరుచుకుంటుంది సార్."

"పెట్టెయ్ అమ్మాయ్!"

పెట్టేసింది. విలేఖరుల ముందు ట్రయల్ వేశారు. బావ చొక్కా చేతులు మడిచి తీగ పీకారు. ఏమీ జరగలేదు. ఆపరేటర్లు ఫోన్లలో మాట్లాడుతూనే ఉన్నారు. ఒక విలేఖరి ఆవులించాడు.

బావ ముఖం మాడ్చుకున్నారు. "ఏమీ జరగలేదేంటి?"

"జరక్కూడదనే కదా సార్ పెట్టింది!"

"కనపడని పనికి ఓట్లెవరేస్తారమ్మా? ముందు ఆగిపోవాలి. అప్పుడు నేను నాలుగు మాటలు మాట్లాడాలి. తర్వాత పచ్చ బటన్ నొక్కితే తిరిగి రావాలి. పునరుద్ధరణంటే అదీ!"

"ఆలోగా ఎవరి ప్రాణమైనా పోతే?"

"నేనున్నాగా!"

ఇంత భరోసా ఇచ్చే నాయకుణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. ఇంజనీరమ్మ పళ్లు కొరుక్కుంటూ రెప్పపాటు పద్ధతి తీసేసి, రెండో తీగ బటన్ నొక్కితేనే తెరుచుకునేలా చేసింది. ఆగిన ఫోన్లలో వినిపించడానికి బావ తన నినాదం రికార్డు చేయించారు.

ప్రారంభోత్సవం రోజు ఆయన తీగ పీకగానే ఫోన్లన్నీ మూగబోయాయి. ఒకటే చప్పట్లు. మైకు అందాక నాలుగు మాటలు నలభై అయ్యాయి. "ప్రజల ప్రాణమే నా ప్రాణం" అంటూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఆ ఆవేశానికి జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

నేను కారు కోసం చూశాను. కాన్వాయ్ డ్రైవర్లు భోజనాలకు వెళ్లారు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, "తీగ తెగినా సేవ తెగదు" అని బావ గొంతే గంభీరంగా పలికింది.

బటన్ దగ్గరికి పరిగెత్తాను. పీఏ అడ్డం నిలబడ్డాడు.

"మంత్రిగారే నొక్కాలండీ. ప్రోటోకాల్."

"ఆయన కింద పడున్నారయ్యా!"

"లేచాక నొక్కుతారు."

ఇంజనీరమ్మ ఎవరినీ అడగలేదు. పీకిన తీగను తీసి మళ్లీ గుచ్చింది. స్విచ్చులు తీరిగ్గా సంప్రదించుకున్నాయి. అంత పొడుగు నిమిషం నా జన్మలో చూడలేదు. చివరికి ఫోన్లు మోగాయి, అంబులెన్స్ వచ్చింది.

ఆసుపత్రిలో బావ కళ్లు తెరిచారు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది. నాకూ ఏడుపు ఆగలేదు.

బావ గొంతు పెగల్చుకుని అడిగారు. "బామ్మర్దీ... బటన్ ఎవరు నొక్కారు?"

"ఎవరూ నొక్కలేదు బావా. ఇంజనీరమ్మ తీగ గుచ్చేసింది."

"హమ్మయ్య!" అన్నారు బావ. "అయితే ప్రారంభోత్సవం ఇంకా అవనట్టే. మంచి డేట్ చూడు."