పోవుటకు కారణం: సముద్రం

ఆ మంగళవారం పొద్దున లతీఫుద్దీన్ మేస్త్రీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాలి. బస్టాండు ఎదురుగా ఉన్న దశరథం టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి, మధ్యధరా సముద్రంలోని ఒక దీవికి ఇంగ్లీషులో ఉత్తరం కొట్టించాలి. పదకొండింటికల్లా మెట్‌పల్లి రోడ్డులో కడుతున్న గోదాము పనికి చేరుకోవాలి. కోరుట్లలో ఇంతకంటే పెద్ద ప్లాన్లు రోజూ వేస్తారు, ఎవరికీ ఏమీ కాదు. దీనికి మాత్రం ఇటు పోలీసులు కదిలారు, అటు అడవిలోని అన్నలు కదిలారు.

అది తొంభై ఒకటో సంవత్సరం. ఆ దీవి మీద ఆయనకు అప్పటికి ఎనిమిదేళ్ళ కోపం. కంపెనీ వీసా మీద అక్కడికి పోయి రెండేళ్ళు ఒక్కటే గోడ కట్టాడు. కొండల నడుమ ఎవరి కంటా పడకుండా దాక్కున్న ఇసుక ఒడ్డు అది. సముద్రపు తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయని అక్కడి సర్కారు దాన్ని కాపలాలో ఉంచింది. దాని చుట్టూ మైలు పొడుగు, ఏడడుగుల ఎత్తు రాతిగోడ. గోడ నడుము దాకా లేచే వరకు ఆయనకు సముద్రం కనబడింది. తల దాటాక తన గోడే తనకు అడ్డమైంది. ఆఖరి రాయి పెట్టిన రోజు కాళ్ళు కడుక్కుందామని గేటు దాటి నాలుగడుగులు వేస్తే కాపలావాడు విజిల్ ఊదాడు. పనివాళ్ళకు ఇసుక మీదికి ప్రవేశం లేదట. అదే నిమిషంలో టోపీలు పెట్టుకున్న దొరసానులు ఇద్దరు చీటీ చూపించి ఆయన పక్కనుంచే లోపలికి పోయారు. కాపలావాడు వాళ్ళకు సలాం కొట్టాడు. లతీఫుద్దీన్ సిమెంటు కాళ్ళతోనే విమానం ఎక్కాడు.

ఈసారి తానూ చీటీతోనే పోవాలి. గేటు దగ్గర ఆ సలాం తీసుకోవాలి. ఇసుకలో కూర్చోవాలి. ఆయనకు కావలసింది అంతే. గేటు ఆఫీసులో పంచే నియమాల కాగితం ఒకటి ఎనిమిదేళ్ళుగా ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. రోజుకు ఇరవై మందే. ముందుగా ఉత్తరం రాసి తారీఖు తీసుకోవాలి. గేటు నుంచి నడిచే పోవాలి. గొంతెత్తి మాట్లాడకూడదు. చీకటి పడితే దీపం వెలిగించకూడదు, తాబేళ్ళు బెదురుతాయి.

"నీ పేరు గూడ రాయిస్తున్న" అన్నాడు భార్యతో.

ఆయన ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, కోపం వస్తే తెలుగులోకి దిగేవాడు. అందుకని ఆ ఇంట్లో ఎప్పుడూ తెలుగే వినబడేది.

"నేనెందుకు?" అన్నది కుల్సుమ్ బీ. "ఉప్పే కావాల్నంటె అంగట్ల దొర్కుతది."

దశరథం మిషన్లో కాగితం ఎక్కించి, చేతులు చాచి, "చెప్పు లతీఫ్ భాయ్. ఎందుకు పోతున్నవని రాయాలె?" అన్నాడు.

"కూసోనీకి."

"అంటె?"

"ఇసుకల కూసుంట. రెండు గంటలు. మళ్ళ లేసి అస్త."

"మరి పని?"

"పని లేదు."

దశరథం చేతులు దించేశాడు. "నాకాడ గూడ దాస్తవా భాయ్? పని లేకుంట సముద్రం దాటినోన్ని నేను గీ కోరుట్లల ఇంతవరకు సూడలె."

"అయితె ఇప్పుడు సూడు! నా మొకం సూడు మంచిగ! సూసినవా? ఇగ కొట్టు మిషిని!"

దశరథం కొట్టాడు. కొడుతూ పక్కన పెట్టిన నియమాల కాగితం కూడా చదివాడు. ఇరవై మంది అన్న ముక్క దగ్గర ఆయన కళ్ళు ఆగిపోయాయి. కోరుట్లలో దుబాయికి మనిషిని పంపని ఇల్లు వెతికితే గానీ దొరకదు. ఏ దేశం పోయినా దుబాయే. అక్కడికి పోయినవాడు రాళ్ళు మోస్తాడు, ఒంటెలు కాస్తాడు, అంట్లు తోముతాడు. కూర్చోవడానికి పోవడమనేది ఆ ఊరి బుర్రకు ఎక్కే సంగతి కాదు. అందువల్ల సాయంత్రానికల్లా ఊరికి అసలు నిజం తెలిసిపోయింది. లతీఫ్ మేస్త్రీ దగ్గర ఇరవై వీసాలున్నాయి. బయటికి చెప్పడం లేదు.

మర్నాడు తెల్లవారేసరికి అదే గల్లీలో ఉండే పోచవ్వ గుమ్మంలో ఉంది. ఒక చంకలో కోడి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కొడుకు పాస్‌పోర్టు.

"అన్నా, మా చిన్నోడు మూడేండ్ల సంది గీ బుక్కు పట్టుకొని తిరుగుతుండు. ఇరవైల ఒకని పేరు రాసుకోరాదే."

"వీసాలు లెవ్వు! ఒక్కటి గూడ లేదు!"

"ఉన్నోళ్ళంత గట్లనే అంటరన్నా."

"నేను తాబేళ్ళ కాడికి పోతున్న తల్లీ!"

"తాబేళ్ళ కంపెనీ అయితేంది? మావోడు మస్తు కష్టపడ్తడు."

లతీఫుద్దీన్ అరిచిన అరుపులకు గల్లీ అంతా బయటికి వచ్చింది. ఊరికే ఎవడూ అంత కోపం చేయడు గనుక వీసాలు నిజమేనని గల్లీ తేల్చుకుంది. పోచవ్వ పాస్‌పోర్టును కిటికీలోంచి లోపలికి విసిరి, కోడిని వాకిట్లో వదిలి వెళ్ళిపోయింది. ఆ దారి అందరికీ నచ్చింది. వారం తిరిగేసరికి కిటికీ కింద పాస్‌పోర్టులు ముప్పై ఎనిమిది, వాకిట్లో కోళ్ళు ఐదు. కుల్సుమ్ బీ పాస్‌పోర్టులను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

ఈ పీడ వదిలించుకుందామని లతీఫుద్దీన్ ఇంటి ముందు బోర్డు కట్టాడు. 'ఇక్కడ వీసాలు లేవు' అని ఎర్ర రంగుతో తానే రాశాడు. కోరుట్లలో వేల ఇళ్ళ మీద లేని మాట ఈ ఒక్క ఇంటి మీద ఎందుకు ఉందని జనం ఆలోచించారు. మూడో రోజుకు సిరిసిల్ల నుంచి మగ్గాల పనివాళ్ళు బస్సు దిగి, దారి అడుక్కునే పని లేకుండా నేరుగా బోర్డు కిందికే వచ్చారు. పాస్‌పోర్టులు అరవై ఒకటి అయ్యాయి.

"బోర్డు ఎవ్వలు రాయుమన్నరు నిన్ను?" అన్నది కుల్సుమ్ బీ.

"నోర్ముయ్!" అన్నాడు ఆయన తెలుగులో.

ఆయన పాత పాస్‌పోర్టు గడువు ఎప్పుడో తీరింది. కొత్తదానికి పెట్టిన దరఖాస్తు సరిగ్గా ఈ రోజుల్లోనే విచారణ కోసం స్టేషనుకు వచ్చింది. ఎస్సై జలపతి రావు పిలిపించాడు. టేబుల్ మీద ఫైలు ఉంది, పక్కన నియమాల కాగితం నకలు ఉంది. అది దశరథం ఇచ్చిందేనని వేరే చెప్పక్కర్లేదు.

"ఇరవై మందికి మించొద్దు. నడుసుకుంటనే పోవాలె. సప్పుడు జెయ్యొద్దు. దీపం పెట్టొద్దు" అని ఎస్సై చదివి తలెత్తాడు. "ఏం ట్రైనింగయ్యా ఇది?"

"తాబేళ్ళు సారూ."

"ఏ దళం?"

"దళం గాదు సార్, తాబేళ్ళు! గుడ్లు పెడ్తయి!"

"మరి నువ్వెందుకు పోతున్నవ్? పనికా?"

"కూసోనీకి!"

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "లతీఫూ, నేను ఇరవై ఏండ్ల సంది అబద్ధాలు వింటున్న. అబద్ధమన్న జెర నమ్మేటట్టు ఉండాలె." పోవుటకు కారణం అన్న చోట 'అనుమానాస్పదం' అని రాసి ఫైలు సొరుగులో పెట్టాడు.

ఆ రాత నాలుగు గోడల మధ్య ఉండలేదు. రెండు రోజులకు లతీఫుద్దీన్ సైకిలు హ్యాండిల్‌కు చీటీ చుట్టి ఉంది. వీసాల పేరు మీద జనాన్ని మోసం చేస్తున్నట్టు ఫిర్యాదు వచ్చింది, రేపు మధ్యాహ్నం మల్యాల దాటాక మక్క చేన్ల దగ్గరికి రావాలి అని. కింద దళం పేరు. కుల్సుమ్ బీ చీటీ చదివించుకుని, ఆయన తెల్ల చొక్కా తీసి ఉతికింది. ఆ ఉతుకుడు చూశాక మాత్రం ఆయనకు భయం వేసింది.

మక్క చేనులో నలుగురున్నారు. కమాండర్ సన్నగా, కళ్ళద్దాలతో, మూడు రోజులుగా నిద్ర లేనట్టు ఉన్నాడు.

"ఎన్ని పాస్‌పోర్టులు గుంజుకున్నవ్?"

"గుంజుకోలె! కిటికీలకెల్లి ఏస్తున్నరు!"

"ఎన్ని?"

"అరవై ఒకటి."

"వీసాలు?"

"లెవ్వు."

"మరి నువ్వు దేనికి పోతున్నవ్?"

"కూసోనీకి."

కమాండర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇక్కడ జనానికి తాగనీకి నీళ్ళు లెవ్వు. నువ్వు నీళ్ళ పక్కన కూసోనీకి విమానం ఎక్కుతవా?"

అప్పటిదాకా లోపల ఉన్న భయాన్ని కోపం తోసేసింది. "ఆ, ఎక్కుత! మైలు గోడ కట్టినోన్ని కాళ్ళు కడుక్కోనియ్యలె వాళ్ళు! టోపీ పెట్టుకున్నోళ్ళకు సలాం, నాకు విజిలు! గా కోపం మీకు రాదా? మీరు తుపాకులు పట్టింది గసొంటి కోపానికే గదా!"

కమాండర్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"కోపం మంచిదే" అన్నాడు. "ఖర్చే మంచిగ లేదు."

తీర్పు చెప్పాడు. పాస్‌పోర్టులన్నీ ఎవరివి వారికి బజార్లో అందరి ముందు ఇచ్చేయాలి. దీవి నుంచి జవాబు వచ్చిన రోజు దాన్ని కూడా అక్కడే విప్పి చదివించాలి. అందులో వీసా అన్న మాట ఉంటే సంగతి వేరే ఉంటుంది. లతీఫుద్దీన్ గట్టు మీదికి వచ్చాక తుపాకీ పట్టుకున్న వాళ్ళలో ఒకతను వెనకే వచ్చి, గొంతు తగ్గించి, "చాచా, నిజంగనే లెవ్వా? మా అన్న ఖాళీగ ఉన్నడు" అన్నాడు.

పాస్‌పోర్టులు పంచడానికి ఒక పూట పట్టింది. తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ నమ్మలేదు. కోళ్ళను మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు, పేరు లిస్టులో ఉండాలి గదా. ఆ తర్వాత పన్నెండో రోజు దీవి నుంచి రంగుల స్టాంపుల కవరు వచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్ ముందు జనం బస్సు తిరగనంతగా నిండారు. గుంపు కూడిందని ఎస్సై జలపతి రావు జీపులో వచ్చాడు. గుంపులో అన్నల మనుషులు ఉన్నారని ఆయనకు తెలుసు. తెలుసని వాళ్ళకూ తెలుసు. ఎవరి చేతులు వాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. కవర్లో చీటీ ఉంటే లతీఫుద్దీన్ అబద్ధాలకోరు కాదని ఊరంతా చూస్తుంది. ఇసుక మీద కూర్చుంటాడు. వీసా అన్న మాట ఉంటే మాత్రం మక్క చేను ఎక్కడికీ పోలేదు.

దశరథం బల్ల ఎక్కి, ఒక్కో ముక్క చదివి తెలుగులో చెప్పాడు.

"అయ్యా, మీ ఉత్తరం చేరింది, కృతజ్ఞతలు. మా ఒడ్డు చూడాలన్న మీ కోరిక మాకు సంతోషం. కానీ చింతిస్తున్నాం. మొన్నటి చలికాలం తుఫానుకు ఒడ్డు చుట్టూ ఉన్న గోడ కూలిపోయింది. నక్కలు దూరి తాబేలు గుడ్లు తింటున్నాయి. మళ్ళీ గోడ లేచే వరకు చూడవచ్చేవారికి ప్రవేశం లేదు. పనివాళ్ళకు తప్ప ఎవరికీ ఇసుక మీద..."

"ఆగు" అన్నాడు లతీఫుద్దీన్. "గోడ ఏమైంది?"

"కూలింది భాయ్. ఇంకున్నది, ఇను. కట్టినవాళ్ళ పని నాసిరకంగా ఉండటమే కారణమని మా ఇంజనీర్లు..."

దశరథం చేతిలోని కాగితం ఇప్పుడు లతీఫుద్దీన్ చేతిలో ఉంది.

"నాసిరకమా? ఎవడన్నడు? నా గోడ నాసిరకమా? సిమెంటు ఒకటికి ఇసుక ఆరు కలుపుతనంటె, వద్దు, ఒకటికి పది కలుపుమన్నది వాళ్ళ ఇంజనీరు! పునాది ఇంకో జానెడు తవ్వుతనంటె టైము లేదన్నది వాడే! ఇప్పుడు నా మీదికి తోస్తరా? కూసో దశరథం! మిషిన్ల కాగితం ఎక్కియ్యి!"

"ఏమని కొట్టాలె?"

"నేనే అస్తున్ననని కొట్టు! నేనే కడ్తనని కొట్టు! ఈసారి ఏడడుగులు గాదు, తొమ్మిది. నక్క గాదు, వాళ్ళ ఇంజనీరు గూడ ఎక్కి దుంకలేడు!"

"ఒక్కనివే కడ్తవా మైలు గోడ?" అని అడిగాడు ఎస్సై.

"ఒక్కన్నెట్ల కడ్త సారూ? ఇరవై మందన్న కావాలె!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. జనం ఒక్కసారే అరిచారు. పోచవ్వ అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది. "ఇరవై మందని మేము జెప్తలెమా? నెల రోజుల సంది మొత్తుకుంటున్నం గదనే!" పంచిన పాస్‌పోర్టులు ఆయన మీదికి మళ్ళీ వచ్చిపడ్డాయి. గుంపు వెనక, అన్నల మనుషులు నిలబడ్డ వైపు నుంచి ఎవరిదో ఒక చేయి, కొత్తది ఒకటి కూడా అందించింది. ఈసారి లతీఫుద్దీన్ వద్దనలేదు. "రాయి మోసుడు అచ్చినోళ్ళే ఇయ్యుండ్రి! తక్కినోళ్ళు జరుగుండ్రి!" అని ఏరుకుంటున్నాడు.

కుల్సుమ్ బీ ఇన్‌స్టిట్యూట్ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసింది. "మరి కూసునుడు?" అని అడిగింది.

"గోడ లేని ఒడ్డు మీద ఎవ్వడన్న కూసుంటడే!" అని గర్జించాడు.

ఎస్సై జీపులోంచి ఫైలు తెప్పించాడు. "గీ మాట మొదటి రోజే చెప్తె అప్పుడే అయిపోతుండె గదా. ఇగో, ఇప్పుడు మనిషి తీర్గ మాట్లాడినవ్" అన్నాడు. జీపు బానెట్ మీదే 'అనుమానాస్పదం' కొట్టేసి, పోవుటకు కారణం అన్న చోట 'గోడ' అని రాసి సంతకం పెట్టాడు.

సముద్రం సంగతి ఆ కాగితం మీద ఎక్కడా లేదు.