వెనక వరుస ఎనోక్

వేల్స్ దేశంలోని నీత్ ఊళ్ళో బట్టల కొట్టు గుమాస్తా ఎనోక్ ప్రోబర్ట్ ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. గిరాకీలు వచ్చేలోగా ఫ్లానెల్ తానులు సర్దేసి, ఆదివారం ప్రార్థన మందిరంలో పాడాల్సిన పాట ఒకసారి గొంతెత్తి పాడుకోవాలి. మనిషి పుల్లలా ఉంటాడు. గొంతు మాత్రం బొగ్గుగని కూతకు పోటీ. మందిరం గాయకబృందంలో వెనక వరుస అతనిదే.

పాట మధ్యలో బెవన్ దిగబడ్డాడు. కొత్తగా పుట్టిన వేల్స్ రగ్బీ జట్టుకు ఆయన కార్యదర్శి. చెవుడు కొంత, తొందర బోలెడంత. నిజానికి ఆయన వెతుకుతున్నది అదే వీధిలోని కమ్మరి ఎనోక్ ప్రోబర్ట్‌ను. పేరడిగాడు, సరిపోయింది. ఇక మనిషిని చూడవలసిన అవసరం ఆయనకు కనబడలేదు.

"శనివారం లండన్‌లో ఇంగ్లండ్‌తో పోటీ. దేశం పరువు నీ చేతుల్లో ఉందయ్యా! నీది వెనక వరుసేగా?"

"ఎప్పుడూ వెనకేనండీ," అన్నాడు ఎనోక్, అది పాటల పోటీ అనుకుని.

"వాళ్ళు దిట్టమైన మనుషులు. తట్టుకుంటావా?"

"ఒళ్ళు ఉంటే సరా అండీ? ఊపిరి నిలవాలి గానీ."

"శభాష్! ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా నువ్వు!"

గాయకబృందం పెద్ద హాప్కిన్ చెవిన పడ్డాక ఇక ఊరికి నిద్ర లేదు. ప్రత్యేక ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు నల్లకోటు కుట్టించి, ఎండుద్రాక్ష రొట్టె మూటగట్టి ఇచ్చారు. స్టేషన్లో ఊరంతా ఏడుస్తూ పాడి మరీ రైలెక్కించింది.

లండన్లో దింపింది బురద మైదానంలో. జట్టు నాయకుడు మెరెడిత్ ఎర్ర చొక్కా ఒకటి విసిరాడు.

"పాటెప్పుడండీ?" అన్నాడు ఎనోక్ బిక్కచచ్చిపోయి.

"ముందు ప్రాణాలతో బయటపడు. తర్వాత తీరిగ్గా పాడుకుందువుగాని."

అప్పటికి అర్థమైంది. పారిపోదామనిపించింది. కానీ అంత ప్రార్థన చేయించుకుని, ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్ళడం? చొక్కా తొడుక్కున్నాడు.

ఆట సాగినంతసేపూ ఎంతో మర్యాదగా అందరికీ దూరంగా నడిచాడు. ఇంగ్లండ్ వాళ్ళు బంతిని గీత అవతల పెట్టి స్కోరు పెంచుకుంటూనే ఉన్నారు. ఇంతలో బుద్ధిలేని బంతి ఎగిరొచ్చి అతని చేతుల్లోనే పడింది. దాని వెనకే ఎద్దుల్లాంటి ఇంగ్లీషువాళ్ళు. ఎనోక్‌కు తెలిసిన విద్య ఒక్కటే.

"ఆగండీ!"

ఆ రోజుల్లో ఈలలు లేవు. అంపైర్ కేకేస్తే ఆట ఆగాలి. పెద్దమనుషులు కదా, అంపైరే అరిచాడనుకుని ఇంగ్లీషువాళ్ళు ఆగారు. మెరెడిత్ అతని చేతిలోంచి బంతి లాక్కుని, షికారుకెళ్ళినట్టు వెళ్ళి గీత అవతల పెట్టొచ్చాడు. తాను నోరు విప్పలేదని అంపైర్ ఒట్టేశాడు, దాంతో అది చెల్లింది. వేల్స్ చిత్తుగా ఓడింది. ఆ రోజు వాళ్ళకు దక్కిన స్కోరు అదొక్కటే.

ఆ కేకతో ఎనోక్ గొంతు పోయింది. వారాలు గడిచినా కప్ప బెకబెకే. హాప్కిన్ విని, "దేశం కోసం పోగొట్టుకున్నావు నాయనా, ఎంత త్యాగం!" అని కళ్ళొత్తుకుని, అతని చోట్లో రొట్టెల కొట్టతన్ని నిలబెట్టాడు. ఆ ఆదివారం ఎనోక్ పాటల పుస్తకం తెరవలేదు.

మర్నాడు బెవన్ మళ్ళీ వచ్చాడు. "స్కాట్లండ్‌తో పోటీకి సిద్ధమవ్వు."

"అయ్యా, మీక్కావలసింది కమ్మరి ఎనోక్. నాకు ఆట రాదు!" అని ఆయన చెవిలో బెకబెకలాడాడు ఎనోక్.

ఈసారి బెవన్‌కు స్పష్టంగా వినబడింది. "మిగతా పద్నాలుగు మందికి వచ్చని నీకెవరు చెప్పారయ్యా?"

అలా ఎనోక్ ప్రోబర్ట్ వేల్స్ తరఫున మరో ఐదు మ్యాచ్‌లు ఆడాడు. బంతికి అంత నిబ్బరంగా దూరం పాటించినవాడు ఆ తరంలో మరొకడు లేడని పత్రికలు మెచ్చుకున్నాయి.