అమ్మమ్మ ఎత్తుకొచ్చిన గంట

ఆ ఉదయం టెస్సా అనుకున్నది ఒక్కటే: అమ్మమ్మ చేత పాత ముచ్చటొకటి చెప్పించుకుని, మధ్యాహ్నానికల్లా వ్యాసం ముగించేయాలి. ఇండియానాలోని ఆ చిన్న ఊరి హైస్కూల్లో అమెరికన్ సాహిత్యం చెప్పే పెలెటియర్ మేడమ్, "మీ ఇంట్లో పెద్దవాళ్ల కథ వాళ్ల మాటల్లోనే రాయండి. మన సాహిత్యం సగం అలా పుట్టిందే!" అంది.

వెర్లీన్ అమ్మమ్మ పెనం మీద పాన్‌కేకు తిరగేసింది. "కోళ్లకు గింజలేశాను, చర్చిలో పాడాను... ఇవీ ఒక కథలేనా? రాసుకోవే. అప్పట్లో ఫుట్‌బాల్లో మనతో పోటీపడే పక్క ఊరి స్కూలు గంట మాయమైంది చూడు, అది ఎత్తుకొచ్చింది నేనే!"

"నువ్వా!"

ఇక టెస్సా పెన్ను ఆగలేదు. క్లాసులో చదివితే చప్పట్లే చప్పట్లు. మురిసిపోయిన మేడమ్ దాన్ని ఊరి పత్రికకు పంపింది. 'గంట దొంగ దొరికింది' అని పత్రిక మొదటి పేజీలో అచ్చేసింది. పక్క ఊరివాళ్లు బస్సు కట్టించుకుని వచ్చి గంట ఇమ్మన్నారు. సొంత ఊరివాళ్లు అమ్మమ్మను ట్రక్కెక్కించి, బ్యాండుతో ఊరేగించారు.

"అమ్మమ్మా, గంట ఎక్కడని అడుగుతున్నారు!" ట్రక్కు పక్కనే నడుస్తూ అంది టెస్సా.

"ఫుట్‌బాల్ మైదానంలో పాతిపెట్టానని ఇప్పుడే చెప్పా."

"నిజంగా పాతావా?"

"నిజమేంటే పిచ్చిపిల్లా! కథ అడిగావు, చెప్పాను."

టెస్సా పరుగున వెళ్లేసరికి మైదానంలో తవ్వే యంత్రం దిగిపోయింది. "రేపే ఆటరా నాయనా!" అంటూ కోచ్ నెత్తి కొట్టుకుంటున్నాడు. టెస్సా మట్టి కుప్పెక్కి అరిచింది. "ఆపండి! అంతా ఉత్తిదే! మా అమ్మమ్మ ఏ గంటా ఎత్తుకురాలేదు!"

"దాని మాట వినకండి!" వెనకే వచ్చిన ట్రక్కు మీంచి అమ్మమ్మ కేకేసింది. "పాపం, నన్ను కాపాడాలని చూస్తోంది!"

జనం ఈలలు వేశారు. గుంట ఇంకా లోతైంది. అప్పుడు పక్కింటి టాకెట్ తాత అందర్నీ తోసుకుంటూ వచ్చాడు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"ఇంక నా వల్ల కాదు! నీళ్ల బకెట్టు ఎత్తలేని మనిషి గంట ఎత్తిందట! వానలో నడుం విరిగేలా బండికెక్కించింది నేనూ, ఊరేగేది ఈవిడా? రండి, నా షెడ్డులో ఉంది, చూపిస్తా!"

గంట అక్కడే ఉంది, తళతళా తుడిచి మరీ. పక్క ఊరివాళ్లు ఆనందంతో గెంతులేశారు. అమ్మమ్మ అలిగి ట్రక్కు దిగింది. పెలెటియర్ మేడమ్ టెస్సా భుజం పట్టుకుని ఊపేసింది. "రెండో భాగం రాయవే తల్లీ, వెంటనే!"

టెస్సా టాకెట్ తాతనే మొదటి ప్రశ్న అడిగింది: "అప్పట్లో మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేదా?" ఆ దొంగతనాన్ని దర్యాప్తు చేసి, ఆధారాల్లేవని కేసు మూసేసిన అప్పటి పోలీసు పెద్ద, షెరీఫు కూడా టాకెట్ తాతే.