నోరు తెరవని అధ్యక్షుడు

నా నెత్తిన నెరిసిన ప్రతి వెంట్రుక మీదా ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు.

ఒక పెద్ద మడ అడవిలో, సముద్రం పాయలోకి చొరబడే చోట, కోదండం అనే జెల్ల చేప ఉండేవాడు. మీసాలంటావా, ఇక్కణ్ణుంచి పక్క ఊరిదాకా! జెల్లల ఆచారం వేరులే. ఆడది గుడ్లు పెట్టేసి, "ఇక నీ వంతు" అని షికారుకు పోతుంది. పొదిగేది మగాడే, అదీ నోట్లో. ఒక్కో గుడ్డు గుమ్మడికాయంత! అవి పిల్లలయ్యేదాకా అతగాడికి తిండీ లేదు, మాటా లేదు.

సరిగ్గా అప్పుడే మండపీత వీరాస్వామి కోదండాన్ని పాయ సభకి అధ్యక్షుణ్ణి చేశాడు. సభలో ఓ రూలుంది. అధ్యక్షుడు నోరు తెరిచి కాదనకపోతే అవునన్నట్టే.

"ఎంత నిండుకుండండీ మనవాడు!" అని చేపలన్నీ మురిసిపోయాయి.

మొదటి సభలోనే వీరాస్వామి కత్తెరల్లాంటి డెక్కలు ఊపుతూ లేచాడు. "వేర్ల సందున పిల్లలు పెరిగే మడుగుంది కదా, దానికి సొరచేపగారిని కాపలా పెడదాం. అధ్యక్షా, కాదంటారా?"

కోదండం పిల్లలు రేపు ఈదాల్సింది ఆ మడుగులోనే. కాదందామని పెదవి కదిపాడో లేదో, ఓ గుడ్డు అంచుదాకా దొర్లుకొచ్చింది. గబుక్కున లోపలికి పీల్చుకున్నాడు.

"ఆమోదం!" అన్నాడు వీరాస్వామి. సొర తిని వదిలేసే ముక్కలు తనవని ముందే మాటయిపోయింది మరి.

కోదండం ఓ మీసం ఎత్తి వీరాస్వామి బలిసిన డెక్కల్ని చూపించాడు. ఆ మీసాన్నే సొర ఉండే వైపు తిప్పాడు. ముందు వరసలో ఉన్న రొయ్య మంగమ్మ అది చూసింది. ఆవిడకి బుర్రంతా మీసాల్లోనే.

"కాపలాకొచ్చే పెద్దమనిషికి విందు పెట్టొద్దూ? వీరాస్వామన్నయ్యని వడ్డిద్దాం. కండగలవాడు. అధ్యక్షా, కాదంటారా?"

కోదండం పెదవులు ఎంత గట్టిగా బిగించాడంటే మీసాలు ముడిపడిపోయాయి.

"అయ్యా, కాదనండి! ఒక్కసారి నోరు తెరవండి!" వీరాస్వామి ఆయన చుట్టూ అడ్డంగా పరిగెత్తాడు.

"తెరవలేదుగా. ఆమోదం," అంది మంగమ్మ.

"కాపలా వద్దు, విందూ వద్దు! రెండు తీర్మానాలూ రద్దు! అధ్యక్షా, కాదంటారా?" అని అరిచాడు వీరాస్వామి.

కోదండం కాదనలేదు.

పున్నమి పోటుకి పిల్లలు నోట్లోంచి బిలబిలమంటూ ఆ మడుగులోకే ఈదిపోయాయి, లక్షో, కోటో! అధ్యక్షులవారు తొలిసారి నోరు తెరుస్తున్నారని సభంతా చెవులు రిక్కించింది.

కోదండం వీరాస్వామిని ఎగాదిగా చూసి ఒక్క మాటన్నాడు. "ఆకలేస్తోంది."

ఆనాడు బొరియలో దూరిన వీరాస్వామి ఇప్పటికీ బయటికి రాలేదు.

నీతి: మాట్లాడనివాణ్ణి గద్దెనెక్కించే ముందు, వాడు భోంచేశాడో లేదో కనుక్కోవాలి.

అలా నోరు తెరుచుకుని కూర్చున్నావేంటే పిల్లా? లే, పెరట్లో ఎండు చేపల మీద కాకులు వాలినట్టున్నాయి, తోలిరా.