నేరేడమ్మ పడుచునాటి అచ్చు

ఒక పెద్ద అడవిలో, వాగు మలుపు తిరిగేచోట, మెత్తని బంకమట్టి నేల ఒకటి ఉండేది. ఆ అడవిలో పుట్టిన ప్రతి జంతువూ వయసుకొచ్చిన ఏడాది తొలకరికి అక్కడికి వెళ్ళి, తడి మట్టిలో ఒకసారి పడుకుని లేచేది. తర్వాత ఎండలు కాసి ఆ గుంత రాయిలా గట్టిపడేది. అదే దాని అచ్చు. పేరు, ఇంటి హక్కు, పంచాయతీలో ఓటు, అన్నీ ఆ అచ్చుతోనే.

ఎలుగుబంటి నేరేడమ్మ అచ్చు వాగు వైపు మూడో వరసలో ఉంది. అది వేసిన రోజు సన్నగా వాన పడుతోంది. ఆమె మట్టిలోంచి లేచి ఒళ్ళు విదుల్చుకునేసరికి, గట్టు మీద గుబురయ్య అనే కుర్ర ఎలుగు నోట్లో పెట్టుకున్న నేరేడుపండు నమలడం మరిచిపోయి నిలబడి ఉన్నాడు. పండు రసం గడ్డం మీదుగా కారిపోతోంది. అతనికి ఆ ధ్యాసే లేదు. తన సన్నని నడుము చూసే అలా అయిపోయాడని నేరేడమ్మ నమ్మకం. ఆ వాన వెలిసేలోపే పెళ్ళి మాట అయిపోయింది.

అదంతా పన్నెండు తొలకర్ల కిందటి సంగతి. ఆ తర్వాత రెండు కాన్పులు, నలుగురు పిల్లలు. ఎలుగుబంటి పిల్లలు తల్లి వీపెక్కే తిరుగుతాయి కదా, మోసి మోసి నేరేడమ్మ వీపు వెడల్పయింది. పిల్లలు సగం తిని వదిలేసిన తేనెపట్టు పారేయడానికి మనసొప్పక తనే తినేది. పిల్లలు పెద్దయి ఎవరి గుట్ట వాళ్ళు చూసుకున్నారు. వాళ్ళు వదిలేసిన తేనె మాత్రం ఆమె ఒంట్లోనే ఉండిపోయింది.

ఈమధ్య ఆమె వాగులో నీళ్ళు తాగేటప్పుడు కళ్ళు మూసుకుంటోంది. ఒకరోజు పొరపాటున తెరిచి చూసి, 'అయ్యో, మా అత్తగారు ఎప్పుడొచ్చింది?' అని వెనక్కి తిరిగింది. వెనకెవరూ లేరు.

అలా ఉండగా అడవి పంచాయతీ ఒక తీర్మానం చేసింది. చదివింది కార్యదర్శి తీగమ్మ. తీగమ్మ ముంగిస. ఎంత తిన్నా ఒంటికి పట్టని రకం. ఆ సంగతి రోజుకి నాలుగుసార్లు నలుగురికీ చెప్పే రకం.

"పక్క అడవి వాళ్ళు మన పేర్లు చెప్పుకుని మన ఇప్పపూలు తినేసి పోతున్నారు. అసలెవరో నకిలీ ఎవరో తేలాలి. కాబట్టి పదో రోజున అందరూ మట్టినేలకి వచ్చి అచ్చులో పడుకుని చూపించాలి. ఏ అచ్చులోనూ పట్టనివాళ్ళు పొద్దుగుంకేలోగా అడవి దాటిపోవాలి. వాళ్ళ ఇళ్ళు కార్యదర్శి స్వాధీనం."

చివరి మాట దగ్గర తీగమ్మ గొంతు కాస్త తియ్యగా అయింది. తేనెగుట్ట మీద నేరేడమ్మ గుహ ముందు ఒక వెడల్పాటి బండ ఉంది. అడవిలో పొద్దుటి ఎండ మొదట పడేది దాని మీదే. ఎండ కాచుకోవడానికి ఆ బండ దొరికితే చాలు, జన్మ ధన్యం అనుకుంటూ తీగమ్మ రెండేళ్ళుగా ఆ దారినే నడుస్తోంది.

అధ్యక్షుడు చారలయ్య పులి. ఆయన తల ఊపి సరే అన్నాడు. ఆయన ఈమధ్య ఎక్కడ కూర్చున్నా తన ముందొక రాయి ఉండేలా చూసుకుంటున్నాడు. పొట్ట ఎవరికీ కనబడకుండా. ఎందుకండీ అని ఎవరూ అడగలేదు. పులిని ఎవరడుగుతారు?

అచ్చుల లెక్క చూసేది ఉడుము పట్టాభి. నిబంధన ఒకసారి పట్టుకున్నాడంటే వదలడు. పక్క చెట్టు మీద పిడుగు పడినా, సెలవు మంజూరు కాలేదని కదలకుండా కూర్చున్న ఉద్యోగి.

ఆ రోజే నేరేడమ్మ ఎవరూ లేని వేళ చూసి మట్టినేలకి వెళ్ళింది. తన అచ్చులోకి మెల్లగా దిగింది. ఒక తుంటి పట్టింది. రెండో తుంటి గట్టు మీదే ఉండిపోయింది. ఊపిరి బిగబట్టి చూసింది, పక్కకి తిరిగి చూసింది. చివరికి గుంత అంచున కూలబడి, లోపలి ఆ నడుము వంపు కేసి చూస్తూ ఉండిపోయింది. మట్టిలో ఎంత అందంగా ఉందో ఆ పిల్ల! దాని పక్కన తను ఇప్పపూల మూటలా ఉంది.

దారిలో తీగమ్మ ఎదురైంది.

"వదినా, ఏం లేదు, పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు తేనె కలుపుకుని తాగు. వారంలో నాలా అయిపోతావు."

"తేనె నాకు తెలుసు తీగమ్మా. చెంచాడు అంటేనే తెలీదు."

మేతకి వెళ్తున్న అడవిదున్న గంగులక్క ఆగింది. "ఆకులూ గడ్డీ తిను, ఒళ్ళు తగ్గుతుంది అంటారు చూడు, ఆ మాట నమ్మకే నేరేడూ! పుట్టిన్నాటి నుంచీ నేను గడ్డి తప్ప ఇంకోటి ముట్టలేదు. చూడు నన్ను!"

నేరేడమ్మ చూసింది. గంగులక్క వెనకాల ఉన్న చెట్టు కనబడలేదు.

ఇక ఒకటే దారి. పూర్తిగా తిండి మానేసింది. గుబురయ్యతో మాత్రం చెప్పలేదు. అతని సంగతి వేరు. పెళ్ళినాటికే అతను ఇప్పుడున్నంత ఉన్నాడు. అచ్చు కూడా అంతే ఉంది. అతనికి తనిఖీ అంటే కాసేపు పడుకోవడమే.

"చెదపురుగులు తెచ్చానే. తిందువు రా" అన్నాడు గుబురయ్య మూడో రోజు.

"పుట్ట దగ్గరే తిన్నాను మావా. నిండుగా ఉంది."

ఆమె కడుపు గుర్రుమంది.

"ఏంటా చప్పుడు?"

"ఉరుము."

"మబ్బే లేదు కదే!"

"దూరంగా ఎక్కడో."

గుబురయ్య ఆకాశం కేసి ఒకసారి చూశాడు. "అలా వాగుదాకా వెళ్ళొస్తా" అని లేచాడు. అతను ఈమధ్య రోజూ సాయంత్రం అలాగే వెళ్తున్నాడు. నాలుగో రోజు నేరేడమ్మకి ఏదో అనుమానం వచ్చి వెనకాలే వెళ్ళింది. పొద చాటునుంచి తొంగి చూసింది. గుబురయ్య మట్టినేల మీద, మూడో వరసలో, ఆమె పాత అచ్చు దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పడమటి ఎండ అతని జుట్టు మీద పడి బంగారంలా మెరుస్తోంది. ఎంత ప్రేమగా వంగాడో ఆ గుంత మీదికి!

'ఇంకా ఆ పిల్లనే తలుచుకుంటున్నాడు' అనుకుంది నేరేడమ్మ. లోకంలో ఎవరైనా సవతిని చూసి ఏడుస్తారు. ఆమె తనని చూసి తనే ఏడ్చింది. అప్పటిదాకా ఇప్పపూలు కనీసం వాసన చూసేది. ఆ రోజుతో అదీ మానేసింది.

పదో రోజు వచ్చింది. మట్టినేల చుట్టూ అడవి అంతా మూగింది. పట్టాభి పేర్లు పిలిచాడు. కుందేళ్ళు పట్టాయి. దుప్పులు పట్టాయి. గంగులక్క వయసుకొచ్చిన నాడే కొండంత ఉండేది కాబట్టి ఆమె కూడా పట్టేసింది. గుబురయ్య పడుకుని, కాసేపు కునుకు తీసి కూడా లేచాడు.

"ఎలుగుబంటి నేరేడమ్మ!"

నేరేడమ్మ ముందుకొచ్చింది. పది రోజుల ఆకలి. జుట్టంతా ఒంటికి అంటుకుపోయింది. కళ్ళు మూసుకుని అచ్చులోకి దిగింది. ఒక తుంటి పట్టింది. రెండో తుంటీ పట్టింది! ఆనందంగా పక్కకి తిరిగింది. ఇంకాస్త తిరిగింది. ఎంత తిరిగినా ఇంకా చోటుంది. చెంబులో గోలీకాయలా అటూ ఇటూ దొర్లింది.

పట్టాభి తోకతో కొలిచాడు. "నువ్వు నీకంటే జానెడు తక్కువ. చెల్లదు."

నేరేడమ్మకి అర్థం కాలేదు. చేత్తో గుంత గోడ తడిమింది. గోడ నిండా కొత్త గోళ్ళ గాట్లు. నాలుగు గాట్లు పొడుగ్గా, మధ్యలో ఒకటి పొట్టిగా. నడిమి గోరు విరిగిన చెయ్యి ఈ అడవిలో ఒక్కటే ఉంది. ఏడేళ్ళ కిందట ఆమె కోసం కొండ అంచున తేనెపట్టు తీస్తూ విరగ్గొట్టుకున్నాడు.

"మావా! నువ్వా తవ్వింది?"

గుబురయ్య నేల చూపులు చూశాడు. "రోజూ కాస్త కాస్త తవ్వాను. నువ్వు దర్జాగా పడుకుంటావనుకున్నా. తిండి మానేస్తావని నాకేం తెలుసే?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా? ఉరుమన్నావు!"

తీగమ్మ అప్పటికే తేనెగుట్ట వైపు రెండడుగులు వేసేసింది. "పాపం వదిన! పొద్దుగుంకేలోగా బయల్దేరితే మంచిది. గుహ నేను చూసుకుంటాలే."

అప్పుడు గంగులక్క నెమరు ఆపి, అమాయకంగా అంది, "అందరం పొర్లాం. అధ్యక్షులవారు కూడా ఒకసారి పడుకుని చూపిస్తే పిల్లలకి ఆదర్శంగా ఉంటుంది కదా."

చారలయ్య రాయి వెనకనుంచే గంభీరంగా నవ్వాడు. "నాకెందుకు? నేను చారలయ్యనని అందరికీ తెలుసు."

"ఆవిడ నేరేడమ్మ అని కూడా అందరికీ తెలుసండి" అన్నాడు పట్టాభి. "నిబంధనలో 'తెలుసు' అనే మాట లేదు."

తప్పలేదు. రాయి చాటునుంచి పులి బయటికొచ్చింది. ముందు పులి వచ్చింది, తర్వాత దాని పొట్ట వచ్చింది. అచ్చులో తల పట్టింది, కాళ్ళు పట్టాయి, పొట్ట మాత్రం గట్టు మీద కూర్చుంది.

"మట్టి కుంచించుకుపోయిందండీ! ఎండలు మరీ ఎక్కువ కదా!" అని తీగమ్మ పరిగెత్తుకొచ్చింది.

"నా మట్టికి తగలని ఎండ ఆయన మట్టికే తగిలిందా?" అంది నేరేడమ్మ. ఆకలితో ఉన్నవాళ్ళకి భయం తక్కువ.

పొద్దు చెట్ల మీదికి వాలింది. పులికి చెమటలు పట్టాయి. 'ఏ అచ్చులోనూ పట్టనివాళ్ళు' అని కదా తీర్మానం! ఏదో ఒకటి పడితే చాలు. పంది అచ్చులో దూకాడు, పట్టలేదు. దుప్పి అచ్చులో కాలు కూడా పెట్టలేకపోయాడు. పరిగెత్తి పరిగెత్తి మూడో వరసలో గుబురయ్య తవ్విన గుంతలో పడ్డాడు. అచ్చంగా సరిపోయింది.

"హమ్మయ్య!" అన్నాడు చారలయ్య.

పట్టాభి ఇసుకలో రాసుకుంటూ బిగ్గరగా చదివాడు. "నేరేడమ్మ. ఎలుగుబంటి. గుబురయ్య భార్య. హాజరు."

"ఏంటీ!"

గుబురయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. "అయ్యా, నాకు ఆల్రెడీ ఒకావిడ ఉంది."

"తీర్మానం రద్దు! ఇప్పుడే రద్దు!" అని గాండ్రించాడు చారలయ్య.

"రద్దు చేసే అధికారం అధ్యక్షులవారిదండి, నేరేడమ్మగారూ" అన్నాడు పట్టాభి వినయంగా. తర్వాత అసలు నేరేడమ్మ కేసి తిరిగాడు. "అమ్మా, మీకింకా ఏదీ పట్టలేదు. ఇక్కడొకటి ఖాళీ అయింది. చూసుకుంటారా?"

పోయేదేముంది? నేరేడమ్మ వెళ్ళి పులి అచ్చులో పడుకుంది. పది రోజుల పస్తు వృథా పోలేదు. వెంట్రుక దూరే సందు లేకుండా పట్టింది.

"తోకేదీ?" అని అరిచింది తీగమ్మ. "పులి అచ్చులో తోక గాడి ఖాళీగా ఉంది చూడండి!"

పట్టాభి నిబంధనలు నెమరేసుకున్నాడు. "అధ్యక్షులకి తోక ఉండాలని ఎక్కడా లేదు. ఊపడానికి కార్యదర్శి ఉంటారని మాత్రం ఉంది."

అందరూ కొత్త అధ్యక్షురాలి వైపు చూశారు. ఆమె మొదటి ఆజ్ఞ కోసం అడవి చెవులు రిక్కించింది.

"ముందు ఎవరైనా ఇన్ని ఇప్పపూలు తెండి" అంది నేరేడమ్మ నీరసంగా.

తెచ్చారు. తింది. ఇంకా తెచ్చారు. అవీ తింది. కళ్ళల్లోకి వెలుగొచ్చాక రెండో ఆజ్ఞ ఇచ్చింది. "తీర్మానం రద్దు. ఇకనుంచి ప్రతి తొలకరికీ ఎవరి అచ్చు వాళ్ళు కొత్తగా వేసుకోవాలి. ఎవరి ఇంటికి వాళ్ళు పొండి."

"ఎంత నిండైన ఆలోచన వదినా! మనిషీ అలాగే నిండుగా ఉంటేనే కదా అందం!" అని తీగమ్మ చప్పట్లు కొట్టింది.

ఇంటికి వెళ్ళే దారిలో మిణుగురులు అప్పుడే లేస్తున్నాయి. నేరేడమ్మ చివరికి అడిగేసింది.

"నువ్వక్కడ నిలబడి ఆ పిల్లని తలుచుకుంటున్నావనుకున్నా మావా."

"ఏ పిల్ల?"

"అదే. సన్నని నడుమున్న పిల్ల. వానలో నువ్వు నోరు తెరుచుకుని చూశావు కదా."

గుబురయ్య తల గోక్కున్నాడు. "నడుమా? నడుము నేనెక్కడ చూశానే? నీ ముక్కు చూశాను. దాని కొసన ఇంత మట్టి అంటుకుని ఉంది. నువ్వు తుమ్మావు. తుమ్మి, చుట్టూ చూసి, ఎవరూ చూడలేదనుకుని నవ్వుకున్నావు."

నేరేడమ్మ నడక ఆపేసింది. పన్నెండు తొలకర్ల కిందటి నడుము కోసం ఆమె ఏడ్చింది. ఆ నడుముని చూసినవాడే లేడు.

తొలకరి వచ్చేదాకా పట్టాభి హాజరు పిలిచినప్పుడల్లా "నేరేడమ్మగారూ" అంటే చారలయ్య "ఉన్నా" అని గొణిగేవాడు. గుబురయ్య మర్యాదకి అప్పుడప్పుడు ఒక దొన్నె చెదపురుగులు పంపించేవాడు. తొలకరికి అందరూ కొత్త అచ్చులు వేసుకున్నారు. పులి పొట్ట దాచకుండా వేసుకున్నాడు. నేరేడమ్మ పదవి ఆయనకే తిరిగిచ్చేసింది. ఆ అధ్యక్ష పీఠం మరీ ఇరుకట. తన గుహ ముందు బండే హాయిగా ఉందట.

ఆమె కొత్త అచ్చు చిన్న చెరువంత పడింది. లేవబోతుంటే గుబురయ్య కూడా పక్కన వచ్చి పడుకున్నాడు. "చూశావా, ఇద్దరికీ చోటుంది" అన్నాడు. వాన వాళ్ళ మీదే కురిసింది.

ఆ వాన నీళ్ళు ఆ అచ్చులోనే నిలిచాయి. మరుసటి ఏడు వేసవికి వాగు ఎండిపోయినా అందులో నీళ్ళున్నాయి. దుప్పి పిల్లలు తాగాయి, గంగులక్క తాగింది. ఒకరోజు తీగమ్మ కూడా నాలుక ఎండిపోయి వచ్చి నిలబడింది. ఆమె సన్నని అచ్చులో గుక్కెడు నీళ్ళు కూడా నిలవలేదు మరి.

"వదినా, రెండు గుక్కలు..."

"తాగు తాగు. కావాలంటే చెంచాడు తేనె కలుపుకో" అంది నేరేడమ్మ. తర్వాత తనూ వంగి, కళ్ళు తెరుచుకుని తాగింది.

కాబట్టి విన్నవాళ్ళందరూ తెలుసుకోవలసింది ఏమిటంటే, పాత అచ్చులో మీరు పట్టకపోతే మీరు లావెక్కినట్టు కాదు, ఆ అచ్చే చిక్కిపోయినట్టు. దానికి వేళకి కాస్త తిండి పెట్టండి.