ఆరో తలుపు

ఆ శుక్రవారం పొద్దున అస్లం వేసుకున్న లెక్క చాలా చిన్నది. పదకొండింటికల్లా ఏసుదానం ఇంటి ముందు తలుపుకు వార్నిష్ పూత ముగించాలి, స్నానం చేయాలి, జుమ్మా నమాజుకు పోవాలి. ఇనుప తలుపు మీద టేకు చారలు దింపడంలో బోధన్‌లో అతన్ని మించినవాడు లేడు. అడుగున లేత పసుపు, దాని మీద కాఫీ రంగు పూసి, పళ్లు విరిగిన దువ్వెనతో గీస్తాడు. ముడి రావాల్సిన చోట బొటనవేలు ఒత్తి తిప్పుతాడు. చెదలు సైతం మోసపోయి వెనక్కి పోయాయని అతనే చెప్పుకుంటాడు. చెదలను అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఇంట్లో ఆరు తలుపులు. ఐదు ఇనుపవి, అస్లం చేతి టేకు. ముందు తలుపు ఒక్కటే అసలు టేకు. ఏసుదానం భార్య శారమ్మ తండ్రి సిరికొండలో తన పొలం గట్టున పెట్టిన చెట్టు, ఆయన పోయిన మరుసటి ఏడు గాలివానకు కూలితే, ఆ చెక్కతో ఆమె తలుపు చేయించుకుంది. సొంత చెట్టయినా చెక్క తేవడానికి అటవీశాఖ కాగితం కావాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏసుదానం వినే రకం కాదు.

మర్నాడే కొత్తింటి ప్రార్థన. వచ్చేపోయేవాళ్లు వార్నిష్ ముట్టకుండా ఏసుదానం ముందు తలుపుకు ఒక అట్ట తగిలించాడు: ‘రంగు పచ్చిగా ఉంది, ముట్టరాదు.’ అక్కడితో ఆగితే బాగుండేది. ఆరు తలుపులకూ ఫోటోలు తీసి, ‘అన్నీ మా మామ పెట్టిన టేకు’ అని రాసి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఫోన్లో వేలు జారితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ ఫోటోలు ఏ చేతి నుంచి ఏ చేతికి పోయాయో గాని, గంట తిరక్కముందే వాకిట్లో అటవీశాఖ జీపు ఆగింది.

దిగినామె పేరు శిరీష. సెక్షన్ ఆఫీసర్‌గా చేరి మూడు నెలలే అయింది. పక్క తలుపులోంచి నేరుగా లోపలికి వచ్చి ఐదు తలుపులూ చూసింది.

"ఆరు తలుపులంటే మూడు చెట్లన్న పడాలె. పర్మిషన్ కాగితం చూపియ్యుండ్రి."

ఏసుదానం రెండు చేతులూ జోడించాడు. "టేకు కాదు మేడం. గిదంతా రంగు. ఊకెనే గొప్పకు పెట్టిన."

"రంగా? నేను ఫారెస్టు చదువు చదివిన. నాకే చెప్తున్నరా?"

భయపడాల్సిన ఆ సమయంలో అస్లం ఛాతీ పొంగింది.

"అస్లం, జర తుడిచి చూపియ్యి," అన్నాడు ఏసుదానం దీనంగా.

అస్లం గుడ్డను థిన్నర్‌లో ముంచి అరచేతి మేర రుద్దాడు. టేకు గుడ్డకు వచ్చేసింది, కింద ఇనుము కనపడింది. కన్నబిడ్డ మొహానికి తానే మసి పూసినట్టు ప్రాణం ఉసూరుమంది. ఆమె ఒక్కదానితో వదల్లేదు, ఐదూ తుడిపించింది. మూడో తలుపుకు నవ్వడం మొదలుపెట్టింది.

"నీది మామూలు చెయ్యి కాదు. నిజామాబాద్‌ల మా ఇల్లు అయితున్నది. ఎనిమిది తలుపులు. నువ్వే చెయ్యాలె."

"తప్పకుండ మేడం," అన్నాడు అస్లం. అతని కాళ్లు నేలకు ఆనడం లేదు.

పోతూ పోతూ ఆమె ముందు తలుపు దగ్గర ఆగింది. జీపు ఆగినప్పటి నుంచి శారమ్మ దాని పక్కనే నిలబడి ఉంది. శిరీష చెయ్యి చాపింది, అట్ట మీది అక్షరాలు చూసి వెనక్కి తీసుకుంది. తల వంచి అటు చూసింది, ఇటు చూసింది.

"గిదొక్కటే కుదరలే. టేకుల గింత తెల్ల పట్టీ ఎక్కడన్న ఉంటదా? ముడి సుత ఎవరో తెచ్చి పెట్టినట్టున్నది. ఎవరు చేసిండ్రు?"

అస్లం చెవులు భగ్గుమన్నాయి. అది నా చెయ్యి కాదు, అల్లా చెయ్యి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు శారమ్మ కనపడింది. తలుపు అంచును గట్టిగా పట్టుకుని ఉంది, కొంగుకు వార్నిష్ అంటుకున్న సంగతి కూడా ఎరగదు.

"నేనే చేసిన మేడం," అన్నాడు. "ఆ దినం జరమొచ్చింది."

"మా ఇంట్ల పని చేసేటప్పుడు సుత వస్తే ఎట్ల? ఇంకోన్ని చూసుకుంట," అందామె.

గండం గడిచిన సంతోషంలో ఏసుదానానికి అలవాటైన మర్యాద పొంగుకొచ్చింది. "రేపు ప్రార్థనకు రాండ్రి మేడం. భోజనం ఇక్కడనే."

"వస్త," అని ఆమె జీపెక్కింది.

శారమ్మ మొగుడి వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు. "రేపటికి రంగు ఆరుతది. అప్పుడు ముట్టి చూస్తే అసలు టేకని ఎరుకగాదా?" అంది. ఆ తర్వాత అస్లం వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నా కోసం నీ పని పోగొట్టుకున్నవు తమ్మీ. పుయ్యి, దీనికి సుత రంగు పుయ్యి. మా బాపు చెట్టు లోపల్నే ఉంటది గద," అంది.

నమాజు నుంచి వచ్చి అస్లం ఐదు తలుపుల మచ్చలు పూడ్చాడు. ఆరోదాని పచ్చి వార్నిష్ తుడిచేసి, లేత పసుపు వేసి, కాఫీ రంగు పూసి, దువ్వెనతో గీసి, దేవుడు తప్పు చోట పెట్టిన ముడిని బొటనవేలితో సరైన చోటికి జరిపాడు.

ఇప్పుడది అచ్చం టేకులా ఉంది.